శైలజ టీచర్ బహువచనాలు

మిర్యాలగూడలో రైస్‌మిల్లుల వెనక ఉన్న బడిలో మూడో తరగతికి శైలజ టీచర్ ఇంగ్లీషు చెప్తుంది. ఆమె క్లాసులో ఎవరైనా బహువచనం తప్పు లేకుండా పలికితే చాలు, ఆ మాటకు చెందినవి ఎక్కడున్నా వచ్చి చేరతాయి. మౌస్‌కి మైస్ అన్న రోజు మిల్లు ఎలుకలన్నీ వచ్చి గోడవార కూర్చున్నాయి. టూత్‌కి టీత్ నేర్పే రోజున ఆండాళు ముసలమ్మ పొద్దున్నే వచ్చి వెనక బెంచీ ఎక్కింది. ఎప్పుడో ఊడిన పళ్లన్నీ తిరిగొచ్చాక మక్కకంకి కొరుక్కుంటూ ఇంటికి పోయింది.

ఆ బుధవారం టీచర్ బోర్డు మీద ‘చైల్డ్’ అని రాసింది.

“ఒక్కరైతే చైల్డ్. ఎక్కువ మందైతే?”

“చైల్డ్స్!” అంటూ అరిచారు పిల్లలు. ఏమీ కాలేదు.

“ఎస్ పెడితే సరిపోదు, మాటే మారుతది. లహరీ, మీ ఇంట్ల పిల్లలెంతమంది?”

“నేనొక్కదాన్నే టీచర్.”

“ఇంకొకరుంటే ఏమంటం?”

లహరి కాసేపు ఆలోచించి, “చిల్డ్రన్” అంది.

ఆమె పక్కన ఇంకో పిల్ల కూర్చుని ఉంది.

“జర జరుగుండ్రి, చోటియ్యుండ్రి” అంటూ అటు తిరిగిన టీచర్ చేతిలోంచి చాక్‌పీస్ జారిపోయింది. కలిసిపోయిన కనుబొమలు, సొట్టపడ్డ గడ్డం. అచ్చం లహరే.

“ఎవరి బిడ్డవమ్మా?”

“నా పేరు దీపండి. మాది కోదాడ. మా నాన్న లింగస్వామి, లారీ తోలతాడండి.”

లింగస్వామి లహరి తండ్రి. బియ్యం లోడు వేసుకుని వారంలో సగం రోజులు కోదాడలోనే ఉంటాడు.

గుమ్మంలో ఏదో ధన్‌మని పడింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే నాగమణి, లహరి తల్లి, ఉడికిన గుడ్ల గిన్నె జారవిడిచి నిలబడిపోయింది. గుడ్లు బెంచీల కిందికి దొర్లిపోయాయి. ఒక్క పిల్లా కదల్లేదు.

“మీ అమ్మేది?” అని అడిగింది నాగమణి.

“దసరా ముందు జ్వరమొచ్చి చనిపోయిందండి. నాన్న లేనప్పుడు పక్కింటోళ్లు అన్నం పెడతారు. ఒక్కోసారి మర్చిపోతారు.”

నాగమణి మొగుడికి ఫోన్ చేసింది.

“ఏడున్నవ్?”

“కోదాడల. లోడు దించుతున్న.”

“బిడ్డ ఏది?”

“గదేం మాట? లహరి బడిల లేదా?”

“లహరి ఈడనే ఉన్నది. దీప ఏదని అడుగుతున్న.”

అటువైపు హమాలీల కేకలే వినిపించాయి.

“వెతుక్కోకు. పిల్ల నా దగ్గరున్నది, ఇగ నా దగ్గరనే ఉంటది. నువ్వు మాత్రం నేను పిలిచేదాక ఇంటి మొకం సూడకు.”

ఫోన్ పెట్టేసి నాగమణి నేల మీద కూర్చుని, దొర్లిన గుడ్లు గిన్నెలోకి ఏరసాగింది. దీప బెంచీ దిగి మెల్లగా దగ్గరికొచ్చింది.

“నన్ను పంపించేస్తారా అండి?”

నాగమణి ఆ ముఖంకేసి చూడలేకపోయింది. చూడకుండానే చెయ్యి చాపి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.

ఒక గుడ్డు వలిచి చేతిలో పెట్టి, “ముందు తిను” అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.