పై వరుసలో సంతకం

"ఒక ఉత్తరం రాసిపెట్టాలి," అన్నాడు భర్త, బూట్లయినా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి. "పోటీలోంచి తప్పుకుంటున్నానని. నీ ధోరణిలో రాయి. వింటుంటే కళ్ళు చెమర్చాలి."

ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. బల్లమీద ఆ మధ్యాహ్నం అతను మూడువందల మంది శాఖా ప్రతినిధుల ముందు వేసుకోవాల్సిన తెల్ల చొక్కా ఉంది. ఆమె ఇస్త్రీపెట్టెను జాగ్రత్తగా నిలబెట్టింది. చొక్కా కాలలేదు. అలాంటి పొరపాట్లు ఆమె చేయదు.

"ఎవరు తప్పుకోమన్నారు?"

"ఎవరూ అనలేదు. పొద్దున్నే కార్యదర్శి కాఫీకి పిలిచాడు, మాట్లాడుకున్నాం. ఉపాధ్యక్ష పదవి ఇస్తారట. ఆలోచించు, ఏడు వారాల కింద పార్టీ ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఎవరు కావాలని అడిగాడు!"

"ఇవాళ మీరు గెలుస్తారని అందరూ అంటున్నారు కదండీ."

"గెలవొచ్చు, గెలవకపోవచ్చు. ఇదైతే ఖాయం." అతను గోడ గడియారం వైపు చూశాడు. ఎనిమిదిన్నర. "పన్నెండులోపల ఇచ్చెయ్యాలి. ఒంట్లో బాగోలేదని రాయి. గుండె అని రాయి. గుండె అంటే ఎవరూ ఎదురడగరు."

అని స్నానానికి వెళ్ళిపోయాడు. నీళ్ళ చప్పుడులో కూనిరాగం కూడా వినిపించింది.

ఏడు వారాల కింద అదొక నవ్వులాట. పార్టీ అధ్యక్షుడు దిగిపోతున్నాడు, కుర్చీ ఆయన అల్లుడిదేనని అందరికీ తెలుసు. పార్టీలో అతన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు, చిన్నాపెద్దా అందరికీ 'అల్లుడే'. అలాంటి పోటీలోకి ఒక బస్సు డ్రైవరు దిగాడని పేపర్లో చివరి పేజీలో నాలుగు లైన్లు వేశారు. రెండోవారానికి పదకొండు శాఖలు డ్రైవరు వైపు తిరిగాయి. నాలుగోవారానికి తొంభై. పేపర్లో భర్త ఫోటో మొదటి పేజీకి వచ్చింది. టీవీలో ఒకాయన కళ్ళద్దాలు సర్దుకుంటూ, "ఈ మనిషి రహస్యం జ్ఞాపకశక్తి. ఏ ఊళ్ళో ఏ కార్యకర్త తల్లికి కళ్ళ ఆపరేషన్ అయిందో కూడా గుర్తుంటుంది," అని విశ్లేషించాడు. అప్పుడామె సోఫా వెనక నిలబడి భర్త కోటుకి ఊడిన బొత్తాం కుడుతోంది. ఆ జ్ఞాపకశక్తి ఆమెది. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక పద్నాలుగేళ్ళుగా కూర్చుంటే వచ్చిన విద్య అది. కుళాయి రావడం లేదని చెప్పడానికి వచ్చినవాళ్ళు అక్కడితో ఆగరు, కొడుకు ఉద్యోగం పోయిన సంగతీ చెబుతారు. వింటే చాలు. ఆరేళ్ళుగా భోజనం గంటలో, ఒక చేత్తో డబ్బా తెరిచి రెండో చేత్తో పార్టీ వాళ్ళకి ఉత్తరాలు రాసింది. తల్లి పోయినవాళ్ళకి, పరీక్ష పాసైనవాళ్ళకి, పని పోయినవాళ్ళకి. వారానికోసారి కట్టంతా అతని ముందు పెడితే, ఫోన్లో మాట్లాడుతూనే కింద సంతకాలు చేసేవాడు. "ఎవరికివి?" అనేవాడు ఒక్కోసారి. "మీకు తెలిసినవాళ్ళకే," అనేది ఆమె. ఆఫీసులో పై అధికారి, "మీ ఆయన అధ్యక్షుడైతే మాక్కూడా నీళ్ళొస్తాయామ్మా?" అని అందరి ముందూ అంటే అందరితోపాటు తనూ నవ్వింది. ఇంటికొచ్చిన విలేకరుల ముందు భర్త, "మా ఆవిడకి రాజకీయాలు పట్టవు. ఆవిడ లోకం ఆవిడది," అన్నప్పుడూ నవ్వింది. నవ్వడానికి పెద్ద కష్టమేం లేదు. తర్వాత దవడలు నొప్పి పుడతాయి, అంతే.

నామినేషన్ నాటి సంగతి మాత్రం ఆమె మర్చిపోలేదు. అభ్యర్థిని ప్రతిపాదిస్తూ పాతికమంది సభ్యులు సంతకం పెట్టాలి. పై వరుసలో ఉన్న పేరును సభలో పైకి చదువుతారు, అల్లుడి మనుషులు రాసుకుంటారు. ఆ కాగితం డిపోలో రెండు రోజులు తిరిగి ఇరవైనాలుగు సంతకాలతో వచ్చింది. అన్నీ రెండో వరుస నుంచే మొదలు. పై వరుస ఖాళీ! "చూశావా మన వీరులు!" అని భర్త పగలబడి నవ్వి కాగితాన్ని ఆమె ముందుకు తోశాడు. "నువ్వు పెట్టు. నీకేం పోతుంది, నిన్నెవరు చూస్తారు?" ఆమెకు సభ్యత్వం ఉండటం కూడా అలాంటిదే. పన్నెండేళ్ళ కింద శాఖ పెట్టేటప్పుడు, భర్త తన తల్లి పేరు రాయించినా లెక్కకి ఒక్క పేరు తక్కువైంది. ఆ ఒక్క పేరు ఈమె.

ఫోన్ మోగింది. అవతల కుట్టుమిషన్ల యూనిట్ అక్క. నలభైమంది ఆడవాళ్ళతో శాఖ నడిపే మనిషి, గొంతు ఖంగుమంటుంది.

"చెల్లెమ్మా, అన్న ఉన్నాడా? స్నానమా? సరే, నువ్వే చెప్పు. మేం ప్రతినిధులం నలుగురం పదకొండుకల్లా ఆఫీసులో ఉంటాం. సూపర్‌వైజర్ సెలవివ్వనన్నాడు. ఇవ్వకపోతే మిషన్లాపి వస్తామన్నాం, నోరు పడిపోయింది వాడికి. ఇదిగో, అన్న ఉత్తరం సంచిలో పెట్టుకున్నా. పిల్లల గది సంగతి రాశాడే, అదే. సభలో అందరికీ చదివి వినిపిస్తా."

"అలాగే అక్కా," అంది ఆమె.

పిల్లల గది. పాలుతాగే బిడ్డల్ని గుడ్డపీలికల మూటల మధ్య పడుకోబెట్టి మిషన్ తొక్కుతున్నామని అక్క రాసింది. 'అధికారం చేతికొచ్చిన రోజు మొదట అడిగేది మీ పిల్లల గది గురించే' అని ఈమె జవాబు రాసింది. అంత మాట ఇవ్వొచ్చా అని అప్పుడు భర్తని అడిగింది కూడా. "రాసెయ్. రాస్తే పోయేదేముంది," అన్నాడు. ఇప్పుడు, బల్ల ముందు కూర్చుని తెల్లకాగితం తీసుకుంటే, పోయేదేమిటో కనబడుతోంది. ఆ మాట ఇచ్చింది అతను కాదు, చదవనైనా చదవలేదు. ఇచ్చింది తను. అతను ఒక్కడే మోసం చేస్తున్నాడని ఇస్త్రీబల్ల దగ్గర అనిపించింది కానీ, ఆరేళ్ళు వేరే మనిషి గొంతు పెట్టుకుని వందలమందిని నమ్మించింది తనే కదా!

అయినా ఉత్తరం రాసింది. బాగా రాసింది. గుండె గురించి రెండు వాక్యాలు, పార్టీ గురించి మూడు. తర్వాత అలమారలోంచి పార్టీ నియమావళి తీసింది. నాలుగేళ్ళ కింద దాన్ని సవరించే పని భర్తకి అప్పగిస్తే ఆమే మూడుసార్లు సాఫు రాసింది. ఇరవైమూడో నియమం రెండుసార్లు చదివి, పుస్తకం మూసింది.

భర్త తల తుడుచుకుంటూ వచ్చి ఉత్తరం చదివి, "అబ్బ, నాకే ఏడుపొస్తోంది," అన్నాడు. సంతకం పెట్టాడు.

"నేనూ రావాలండీ. తప్పుకునేటప్పుడు మొదట ప్రతిపాదించినవాళ్ళు ఎదురుగా ఉండాలి."

"ఔనా? సరే, రా. అక్కడ టీలకి సాయంగా ఉంటావు."

మంచంమీద నుంచి అత్తగారు అంతా వింటూనే ఉంది. చెవుడని లోకం అనుకునేలా చూసుకోవడం ఆవిడకి అలవాటు. కోడలు గడప దాటబోతుంటే, "ఆ చెప్పులు మార్చుకో. తెగేలా ఉన్నాయి," అంది. ఒక్క క్షణం ఆగి, "నా మాత్ర?" అంది.

"పన్నెండున్నరకి, అత్తయ్యా."

పార్టీ ఆఫీసు పైగదిలో పొడుగు బల్ల. ఒక చివర ఎన్నికల అధికారి, వినికిడి యంత్రం పెట్టుకున్న ముసలి ప్లీడరు. ఆయన పక్కన కార్యదర్శి, ఎదురుగా అల్లుడు. ముందుగా వచ్చిన ప్రతినిధులు గోడవారగా నిలబడ్డారు. వాళ్ళలో కుట్టు అక్క. ఈమె పక్కగదిలో కప్పులు సర్దుతూ తను రాసిన ఉత్తరాన్ని భర్త గొంతులో విన్నది. సరిగ్గా అనుకున్నచోటే అతని గొంతు వణికింది. కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"గుండెకేమైందన్నా?" అక్క గొంతు. "మొన్న మా మేడమెట్లన్నీ పరిగెత్తుతూ ఎక్కావుగా?"

ఎవరో కిసుక్కుమన్నారు. భర్త ఉత్తరం మడిచి ప్లీడరు ముందుకు తోశాడు.

"తప్పుకున్నట్టు నమోదు చేశాను," అన్నాడు ప్లీడరు, ముద్ర కొట్టి. "ఇప్పుడు ఇరవైమూడో నియమం. వెనక ఒకసారి అభ్యర్థి నామినేషన్ వేశాక చనిపోయాడు, అప్పుడు పెట్టుకున్నాం, తప్పుకున్నా వర్తిస్తుంది. మొదటి ప్రతిపాదకులు ఇవాళ మధ్యాహ్నం పన్నెండులోపు బదులుగా ఇంకో సభ్యుడి పేరు ఇవ్వొచ్చు. పదేళ్ళ సభ్యత్వం ఉంటే చాలు."

"అది లాంఛనమేలెండి," అన్నాడు కార్యదర్శి.

"లాంఛనమే. కానీ అడగాలి. ఎవరు మొదటి ప్రతిపాదకులు?"

"మా ఆవిడే. టీ తెస్తోంది," అన్నాడు భర్త.

ఆమె ట్రే పట్టుకుని లోపలికి వచ్చింది. గోడ గడియారం పన్నెండుకి తొమ్మిది నిమిషాలు తక్కువ. భర్త కాగితం ఆమె వైపు జరిపి, పెన్ను మూత తనే తీసి ఇచ్చాడు. "ఇక్కడ 'ఎవరూ లేరు' అని రాసి సంతకం పెట్టు. తొందరగా."

ఆమె ట్రేని బల్లమీద పెట్టింది. కప్పులు గలగలలాడాయి. రేపు ఫిర్యాదుల కిటికీ దగ్గర అధికారి ఏమంటాడో తెలుసు. సాయంత్రం ఇంట్లో ఏమంటారో ఇంకా బాగా తెలుసు. మూడు గంటలకి ఆ మూడువందలమంది ముందు నోరు పెగలకపోవచ్చు. ఇంతవరకూ ఆమె మాటలన్నీ వేరే నోటితోనే బయటికొచ్చాయి.

రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. 'ఎవరూ లేరు' కన్నా ఆమె పేరు ఒక్క అక్షరమే ఎక్కువ.

ప్లీడరు కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చదివి, కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఇది మీ పేరే కదమ్మా?"

"అవునండి."

"ఏమిటిది?" కార్యదర్శి లేచాడు. "ఈమెకి పదేళ్ళ సభ్యత్వం ఎక్కడిది?"

ప్లీడరు రిజిస్టర్ తిరగేశాడు. ఆ తిరగేయడంలో ఒకరకమైన సంతోషం ఉంది. "పన్నెండేళ్ళది. పార్టీలో మీకన్నా రెండేళ్ళు పెద్ద."

అల్లుడు మొదటిసారి ఆమె వైపు చూశాడు, టీ కప్పు అందుకోబోతున్న చెయ్యి అలాగే ఆపేసి. గోడ దగ్గర నుంచి కుట్టు అక్క వచ్చింది. బల్లమీదికి వంగి ఆ కాగితం చూసింది. సంచిలోంచి నాలుగు మడతల ఉత్తరం తీసి విప్పి, దాని పక్కన పెట్టింది. గుండ్రటి అక్షరాలు, వాలుగా సాగే తలకట్లు. రెండూ ఒకటే.

"ఈ చెయ్యి నీదా, చెల్లెమ్మా?"

"నాదే అక్కా. కింద సంతకం ఒక్కటే ఆయనది."

"అంటే ఆరేళ్ళూ మాకు అబద్ధం చెప్పావన్నమాట."

కాదనడానికి చాలా దారులున్నాయి. ఆమె ఒక్కటీ పట్టుకోలేదు. "చెప్పాను. పిల్లల గది మాత్రం అబద్ధం కాదు."

అక్క మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. ఉత్తరం మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. "మూడింటికి మైకులో మాట్లాడతావుగా. అప్పుడు అడుగుతా," అని తన మనుషుల దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆ నలుగురూ తలలు దగ్గరపెట్టి ఏదో మాట్లాడుకున్నారు. ఏమిటో వినబడలేదు.

భర్త ఆమె మోచెయ్యి పట్టుకుని గుమ్మం పక్కకి లాగాడు. మొహం పాలిపోయింది. ఇప్పుడు నిజంగానే గుండెజబ్బు మనిషిలా ఉన్నాడు. "నీకు మతిపోయిందా? నలుగురిలో నా పరువు తీస్తావా? పద, ఇంటికి పద. అక్కడ మాట్లాడుకుందాం."

ఆమె మోచెయ్యి విడిపించుకుంది. బల్ల దగ్గర ప్లీడరు కొత్త పేరుమీద ముద్ర కొడుతున్నాడు. గడియారంలో పన్నెండుకి రెండు నిమిషాలు.

పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున ఈ మనిషి గడప దగ్గర వెనక్కి తిరగకుండా అనే ఒక మాట ఉంది. దాన్ని తన గొంతుతో అనాల్సివస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"అత్తయ్యకి పన్నెండున్నరకి మాత్ర వెయ్యాలి. తెల్లది, సగం. మీరు బయల్దేరండి," అంది. "నాకు ఆలస్యమవుతుంది. ఎదురుచూడకండి."