రబ్బరు మీద సుద్దగీత

తనిఖీ అధికారి వస్తున్నాడంటే చాలు, ఆ ఓడలో రంగు డబ్బాలు బయటికొస్తాయి. తుప్పు మీద రంగు, జిడ్డు మీద రంగు, ఆఖరికి ఇంజన్ గది ఇనుప తలుపు అంచుకున్న రబ్బరు మీద కూడా రంగు. ఓడకు చిల్లు పడితే నీళ్ళను ఒక గదిలోనే ఆపాల్సింది ఆ తలుపే. రబ్బరు మెత్తగా ఉంటేనే అది ఆపుతుంది. రంగు పూసీ పూసీ దాన్ని ఎండు రొట్టెలా చేశారు వెధవలు. పైన పటారం, లోన లొటారం.

పొద్దున ఫిట్టరు తలుపు చట్రం అంచుకు సుద్ద రాసి, తలుపు బిగించి తెరిచాడు. రబ్బరు మీద చుట్టూ తెల్లగీత తెగకుండా పడాలి. కింది మూలలో జానెడు మేర పడలేదు. రబ్బరు మార్చాలి, రెండు రోజుల పని అని సరంగుకు చెప్పాడు. డెక్కు పనివాళ్ళకు పెద్ద అయిన ఆ సరంగు అతని మేనమామే. ఈ పరీక్ష నేర్పిందీ ఆయనే.

మధ్యాహ్నం అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. తలుపు మూయించనైనా లేదు. గీత వైపు ఓసారి చూసి, "బాగుంది" అంటూ మెట్లెక్కాడు.

ఫిట్టరు వంగి చూశాడు. మూలలో కొత్తగా గీత ఉంది. మిగతా గీతకన్నా లావుగా, వంకరగా, చేత్తో గీసింది. పక్కనే నిలబడ్డ సరంగు వైపు తిరిగాడు.

"ఛీ, ఇదేం పాడుపని మామయ్యా? అవతల నాతో కలిపి ఎనిమిదిమందిమి పనిచేస్తాం!"

"మెల్లగా మాట్లాడరా. ఓడ రెండు రోజులు ఆగితే కెప్టెన్ నా తోలు తీస్తాడు." మామయ్య అతని భుజం మీద చెయ్యేశాడు. "అయినా నీకేం భయం? ఈసారి నీ డ్యూటీ పైకి మార్పించా. మీ అమ్మకు మాటిచ్చాగా."

తెలియక చేసిన తప్పయితే తిట్టి ఊరుకునేవాడే. మేనల్లుణ్ణి తప్పించి, మిగతా ఏడుగురినీ నీళ్ళకు వదిలేసి మరీ గీశాడు మామయ్య. భుజం మీద బల్లి పడ్డట్టు ఆ చేతిని విదిలించుకున్నాడు ఫిట్టరు. తడిగుడ్డ తీసుకుని గీతంతా తుడిచేశాడు.

"సార్! ఒక్కసారి కిందికి రండి. మీ ముందే మళ్ళీ సుద్ద రాసి బిగిస్తాను."

మెట్ల మీద బూట్ల చప్పుడు ఆగింది. తర్వాత కిందికి రాసాగింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావురా!" మామయ్య పళ్ళు కొరికాడు. "దొంగగీత ఎవరు గీశారని అడుగుతాడు. ఎవరి పేరు చెప్తావ్?"

"నీ పేరే, మామయ్యా."