పొట్టి కుర్చీలు

రెండు దేశాల మధ్య తొలి వాణిజ్య ప్రదర్శన అది. సముద్రాలు దాటించి తెచ్చిన కుర్చీల పక్కన వడ్రంగి బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. సాయంత్రంలోగా ఒక్క ఆర్డరైనా రాకపోతే ఇంటిదగ్గర కార్ఖానాకు తాళం పడుతుంది.

ఆ దేశపు మనుషులు నిచ్చెనలంత పొడుగు. కూర్చున్నవాళ్ల మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే నవ్వి లేచిపోతున్నారు.

"మన కొలతలు పట్టుకొచ్చావేంట్రా?" అన్నాడు అక్కడి రాయబార కార్యాలయంలో పనిచేసే అక్క భర్త.

"ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నారు కదా బావా, వీళ్ల కాళ్లు మీ కంట పడలేదా?"



ఇంతలో కూతురి చెయ్యి పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. వయసుకు వంగి చిన్నదైపోయిన మనిషి. కుర్చీలో కూర్చుని, రెండు పాదాలూ నేలకు ఆనించి, హాయిగా కళ్లు మూసుకుంది. కూతురు ఆ పాదాలవైపు కాసేపు చూసి బావతో ఏదో చెప్పింది.

"వృద్ధాశ్రమం నడుపుతోందటరా. వాళ్ల ఎత్తు కుర్చీల్లో పెద్దవాళ్ల కాళ్లు వేలాడి తిమ్మిరెక్కుతున్నాయట. ఆశ్రమానికంతా ఇవే కావాలంటోంది."

అంతలో లేవబోయి ముసలావిడ తడబడితే వడ్రంగి చెయ్యి అందించాడు.

"చేతులు ఆన్చే కొయ్య కాస్త పైకి పెడతానని చెప్పండి బావా. లేవడానికి పట్టు ఉంటుంది."

"చెప్తాలే. ఈసారైనా కొలత తీసుకుని చావు," అన్నాడు బావ నవ్వుతూ.

వడ్రంగి ఆవిడను మళ్లీ కూర్చోబెట్టి, మోచేతి దగ్గర టేపు విప్పాడు.