వీపు మీద మందు పట్టీ

“అందులో ఉన్న మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతే?” అన్నాను.

మా ఆయన వీపు మీద నర్సమ్మ అంటించి వెళ్లిన పట్టీ అరచేయంత కూడా లేదు. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ నొప్పికి అదొక్కటే మూడు రోజులు పనిచేస్తుందట. మింగేది కాదు, పొడిచేది కాదు. చర్మంలోంచి తనంతట తనే దిగుతుందట. మరి ఎంత దిగాలో దానికెవరు చెబుతారు?

“నీ భయానిక్కూడా ఓ పట్టీ కనిపెట్టమనవే మన పింకీని,” అన్నారాయన. బళ్లో పిల్లల్ని నవ్వించిన మేస్టారు, నొప్పిలోనూ మానలేదు.

పింకీ మా అమ్మాయి. చెన్నైలో పరిశోధన చేస్తోంది. మనిషి చర్మాన్ని పొరలుపొరలుగా కంప్యూటర్‌లో కట్టి, పట్టీలోని మందు లోపలికి ఎంత వేగంగా పోతుందో లెక్కకడుతుంది. ఆ బొమ్మ ఫోనులో నాకూ చూపించింది. పైన ఎర్రగా, కిందికి పోనుపోను పసుపుగా ఉంది.

“ఊట ఊరినట్టు సన్నగా దిగుతుందమ్మా. నాన్నని ఎండలో మాత్రం పడుకోనివ్వకు. వేడి తగిలితే జోరెక్కుతుంది,” అంది.

కిటికీలన్నీ మూసేశాను. వరండాలో మంచం లోపలికి లాగించాను. ఎండ మా గడప దాటితే ఒట్టు.

ఆ మధ్యాహ్నం నడుం పట్టేసిందని ఆయన మూలిగారు. పెనం మీద గళ్లుప్పు వేయించి, పాత పంచె గుడ్డలో మూటకట్టి, నడుం నుంచి భుజాల దాకా కాపడం పెట్టాను.

“హాయిగా ఉందే. ఇంకాసేపు పెట్టు.”

పెట్టాను. నిద్రపోయారు.

పింకీ ఫోన్ చేస్తే సంబరంగానే చెప్పాను.

“కాపడమా? పట్టీ మీదా?”

“వీపంతా పెట్టేనే. ఏం?”

తర్వాత వచ్చిన గొంతు మా పిల్లది కాదనిపించింది. “నాన్నని లేపమ్మా.”

లేవలేదు. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి ఉందో లేదో అన్నట్టుంది.

“పట్టీ పీకెయ్. తడిగుడ్డతో తుడిచి ఆసుపత్రికి పట్టుకెళ్లు.”

“పీకేశాను. ఇంక ఆగిపోతుంది కదా?”

“ఆగదమ్మా. చర్మంలో చేరింది ఇంకా దిగుతూనే ఉంటుంది. విరుగుడు ఇంజక్షను పడాలి. అందాకా ఊపిరి తీసుకోమని అరుస్తూనే ఉండు.”

ఎండకు భయపడ్డాను, పట్టీకి భయపడ్డాను. నా చేతిలోని ఉప్పుమూటకు భయపడాలని తోచలేదు.

పక్కింటి సాల్మన్ ఆటో బోడసకుర్రు వంతెన ఎక్కింది. ఆయన తల నా ఒళ్లో బరువుగా ఉంది. “ఏవండీ, ఊపిరి తీసుకోండి” అంటే ఒక ఊపిరి. నేనాగితే అదీ లేదు.

“ఆపకండి అమ్మగారూ,” అన్నాడు సాల్మన్, వెనక్కి చూడకుండా. “బళ్లో మేస్టారు హాజరు పిలిచినప్పుడు ‘ఆయ్’ అని పలక్కపోతే నా చెవి మెలిపెట్టేసేవోరండి. ఇప్పుడీయన పలక్కపోతే ఊరుకుంటావేటండీ?”

అమలాపురంలో ఇంజక్షను చేశారు. డాక్టరుగారు ఆయన గుండెల వైపే చూస్తూ నిలబడ్డారు. నా చేతిలోని ఫోనులో పింకీ ఇంకా ఉంది.

“ఏవండీ.”

ఏమీ లేదు.

“ఏవండీ, మిమ్మల్నే.”

సాల్మన్ గుమ్మంలో తల వంచుకున్నాడు. నా గొంతు అప్పటికే పోయింది. అయినా ఇంకోసారి పిలిచాను.

రెప్పలు కదిలాయి. ఎండిన పెదాలు విడివడ్డాయి.

“ఆయ్,” అన్నారు.