నిదానంగా ఎక్కే ఫోను

ఎమ్మిగనూరులో హులిగమ్మ ఫోను ఆగిపోయిందంటే ఆమె మొగుడు ఉరుకుందప్పకు అన్నం సహించదు. ఆయన ఆదోని నుంచి కోయంబత్తూరుకు పత్తి బేళ్లు తోలే లారీ డ్రైవరు. పోయిన నెల ఆయన దారిలో ఉండగా ఆమె ఫోను రెండు రోజులు పలకలేదు. ఆయన నంబరు ఆమెకు నోటికి రాదాయె. మళ్లీ మొగుడి గొంతు వినేదాకా ఆ మహాతల్లి మెతుకు ముట్టలేదు.

మగ్గం పక్కనే ఫోను పెట్టుకుని నేస్తుందేమో, చార్జింగు పెట్టే రంధ్రంలో నూలు పీచు కూరుకుపోయింది. దాన్ని పిన్నీసుతో కెలికి కెలికి అసలుకే ఎసరు తెచ్చింది. అది తమ్ముడు వాడి ఇచ్చిన పాత మోడలు, విడిభాగం దొరకదన్నాడు ఆదోనిలో ఫోన్ల షాపు ప్రదీప్. వైరు లేకుండా కూడా చార్జింగు ఎక్కే రకమే, కాకపోతే పాతది కాబట్టి నిదానం అని చెప్పి ఒక గుండ్రటి చార్జింగు పలక ఉరుకుందప్ప చేతిలో పెట్టాడు.

తెల్లారితే మళ్లీ ప్రయాణం. ఉరుకుందప్ప పలక మీద ఫోను పెట్టి, పాలు పొంగుతాయేమోనని కాపలా ఉన్నట్టు పక్కనే కూర్చున్నాడు. అరగంటయింది. ఒక్క శాతం ఎక్కితే ఒట్టు. ఫోను మాత్రం పెనంలా కాలింది. ఆయన తన ఫోనులోంచి ప్రదీప్‌కు చేసి దులిపేశాడు. అతను ఓపిగ్గా విని, కవరు వెనక ఇనుమో రాగో ఏదైనా ఉందేమో చూడమన్నాడు.

కవరు ఊడదీస్తే పల్చటి రాగిరేకు. ఉరుకుంద ఈరన్నస్వామి గుడిలో పూజ చేయించిన తాయెత్తు రేకు. మగ్గం దగ్గర హులిగమ్మ తల వంచుకుంది.

"నువ్వు బండి మింద పోయినాక నీ మాట దీంట్లోనే కదా వచ్చేది," అంది. "సెడ్డమాట రాకూడదని పెట్టినా."

ఉరుకుందప్పకు కోపమంతా ఎటు పోయిందో తెలియదు. పెళ్లాం మీద ప్రేమ పొంగుకొచ్చింది. రేకు ఆమె చేతికిచ్చి, ఫోనును మళ్లీ పలక మీద పెట్టాడు.

"ఇది అడ్డముంటే చార్జింగు ఎక్కదంట. ఫోను ఆగిపోతే నా మాట యాడ వినపడుతాది నీకు?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. దేవుణ్ణి తీసుకుపోయి గూట్లో పెట్టడానికి మనసొప్పలేదు. చివరికి మగ్గం మీది ఎర్ర నూలు పోగులు తెంచి పేనింది, రేకును చుట్ట చుట్టి అందులో బిగించింది.

"సెయ్యి సాపు," అంది.

పలక మీద ఫోను ఐదు శాతానికి పాకింది. ఉరుకుందప్ప బుద్ధిగా చెయ్యి చాపాడు. పద్దెనిమిదేళ్ల కిందట ఆమె మెడలో ఆయన వేసింది మూడు ముళ్లు. ఆమె ఆయన చేతికి నాలుగు వేసింది.