మద్రాసు జడలు

మొయినాబాద్‌లో పూలతోట ఉన్న కుర్మయ్య మద్రాసు వెళ్లింది సముద్రం చూడ్డానికి కాదు, కూతుర్ని వెనక్కి తెచ్చుకోవడానికి. ఊరికో ఇంజనీరింగ్ కాలేజీ లేచిన రోజులవి. ప్రవళికకు మద్రాసులో సాఫ్ట్‌వేర్ కొలువు వచ్చి మూడు నెలలయింది. ఇంటికి గంట దూరంలో హైటెక్ సిటీ పెట్టుకుని అంత దూరం పోవడమేమిటని ఆయన వాదన. ఆయన వాదన మొదలుపెడితే ఒప్పుకోవడమే తక్కువ కష్టం. ప్రవళికకేమో ఆ కొలువంటే ప్రాణం.

దిగిన రోజు నుంచే వంకలు వెతికాడు. నీళ్లు ఉప్పగా ఉన్నాయన్నాడు. ఉక్కపోతకు చొక్కా ఒంటికి అతుక్కుపోతోందన్నాడు. మెరీనాకు తీసుకెళితే, మా గండిపేట చెరువు నీళ్లయితే తాగొచ్చు, ఇన్ని నీళ్లుండి ఏం లాభమన్నాడు. ప్రవళిక దిగులుగా బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

మూడో రోజు, మంగళవారం పొద్దున, ఆమె వెంట బస్టాపుకు వెళ్లి అక్కడే నిలబడిపోయాడు. కాలేజీ పిల్లలు, ఆఫీసు ఆడవాళ్లు, రోడ్డు ఊడ్చే ఆమె, అందరి జడల్లోనూ మల్లెలు. ఇవాళ ఏం పండగని అడిగాడు.

"పండుగేం లేదు బాపు. ఈడ దినాం గింతే."

ముహూర్తాలు లేని నెలల్లో పూలను మార్కెట్‌లో పారబోసి వచ్చిన మనిషికి కళ్లు చెమర్చాయి. సాయంత్రానికల్లా నాలుగు కిరాయి ఇళ్లు చూసొచ్చి, భార్య బాలనర్సమ్మకు ఫోన్ చేశాడు.

"మనం గూడ ఈడికే వచ్చేద్దాం. ఈడ ఆడోళ్లు దినాం పూలు పెట్టుకుంటరు. పెనిమిట్లే తెచ్చిస్తరట."

అవతల్నుంచి బాలనర్సమ్మ అడిగింది.

"ముప్పయ్యేండ్ల సంది నీ తోటల పూలు తెంపుతున్న. ఒక్క మూర నాకిచ్చినవా?"

తెంపిన పూలన్నీ మార్కెట్‌కే, ఇంట్లో వాడితే అచ్చిరాదని కుర్మయ్య తండ్రి నాటి పట్టింపు. దాన్ని ఆయన ముప్పయ్యేళ్లు నిష్ఠగా పాటించాడు, అదేదో గొప్ప అనుకుని. ఇప్పుడు సిగ్గేసింది.

మర్నాడు సాయంత్రం జీవితంలో మొదటిసారి పూలు కొన్నాడు. బేరం కూడా ఆడలేదు. ఊరికి రైలెక్కించడానికి స్టేషన్‌కు వచ్చిన ప్రవళిక తెలివిగా నోరు మెదపలేదు. రైల్లో ఆయన నాలుగు మూరల మల్లెలు తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, వాడిపోతాయేమోనని మాటిమాటికీ నీళ్లు చిలకరిస్తూ కూర్చున్నాడు.

కూతుర్ని తీసుకురావడానికి వెళ్లానన్న సంగతి ఆయనకు గూడూరు దాటాక గుర్తొచ్చింది.