రెండో కుర్చీ

ఆదివారం ఉదయం. మిల్లుకు సెలవు కాబట్టి వీధి మొగలో ఉన్న సెలూన్ కిటకిటలాడుతోంది. గోడవారన ఉన్న బెంచీ మీద ఆరుగురు మగవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. ఒకాయన పాత వారపత్రిక తిరగేస్తున్నాడు, ఇంకొకాయన కునికిపాట్లు పడుతున్నాడు. రేడియోలో వార్తలు వస్తున్నాయి. అద్దాల ముందు రెండు కుర్చీలు. మొదటి కుర్చీ వెనుక ముసలాయన ఎవరి గెడ్డానికో నురగ పట్టిస్తున్నాడు. రెండో కుర్చీ వెనుక ఆయన కొడుకు తెల్లగుడ్డ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

“ఇటు రండి, కూర్చోండి” అని కొడుకు పిలిచాడు.

“ఫరవాలేదు బాబూ, నాకేం తొందర లేదు” అన్నాడు వారపత్రిక ఆయన, పత్రికలోంచి తల ఎత్తకుండానే. ఆ తర్వాత గంటసేపు కాచుకుని తండ్రి కుర్చీలోనే కూర్చున్నాడు.

ఇందులో ఎవరూ ఎవరినీ నొప్పించే మాట అనలేదు. బెంచీ మీద ఉన్నవాళ్ళలో ఒక్కరూ చెడ్డవాళ్ళు కారు. అయినా ఆ గదిలో ప్రతి ఆదివారం ఒక అన్యాయం జరుగుతూనే ఉండేది. అదేమిటో చెప్పాలంటే అంతకు ముందు సంగతులు కొన్ని చెప్పాలి. ఇదంతా జరిగి నలభై ఏళ్ళు దాటింది. ఆ వీధిలో పెరిగినవాళ్ళకు ఇప్పటికీ గెడ్డం సబ్బు వాసన తగిలితే ఆ సెలూనే గుర్తుకు వస్తుంది.

ఆ రోజుల్లో వీధిలో అందరూ తండ్రిని పెద్ద కత్తెర అనీ, కొడుకును చిన్న కత్తెర అనీ పిలిచేవారు. పెద్ద కత్తెర నిదానస్తుడు. తోలుపట్టీ మీద కత్తి నూరడం మొదలుపెడితే కూర్చున్నవాడికి నిద్ర పట్టేది. చిన్న కత్తెరది చురుకైన చెయ్యి. పదహారో ఏటికే చెవుల చుట్టూ గీత గీసినట్టు దిద్దేవాడు. పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళంతా వాడి కుర్చీ కోసమే కాచుకునేవారు. ఇరవయ్యో ఏట సైన్యంలో చేరాడు. వెళ్ళేనాడు తన దువ్వెనలూ కత్తెరలూ నూనె రాసి డబ్బాలో పెట్టి, “ఇవి ఎవరికీ ఇవ్వకు నాన్నా, వచ్చాక నాకే కావాలి” అని చెప్పి వెళ్ళాడు.

నాలుగేళ్ళకు యుద్ధం వచ్చింది. చిన్న కత్తెర ఉన్న కందకం అంచున గుండు పేలింది. ఎడమ కన్ను పోయింది. ఎడమ చెవి, దవడలో సగం, చెంప మొత్తం పోయాయి. బతుకుతాడని వైద్యులు కూడా అనుకోలేదు.

ఆ వార్త వచ్చిన రోజు వీధి ఎలా ఉందో చూసినవాళ్ళు మరిచిపోలేరు. మిల్లు సైరను మోగింది కానీ సగంమంది గేటు దగ్గరే నిలబడిపోయారు. వాళ్ళందరికీ అక్షరాలు నేర్పిన పెద్ద టీచరమ్మ బడి గంట కొట్టించి జనాన్ని పోగుచేసింది. అతనికి రక్తం కావాలంది. మర్నాటికి మూడు బస్సుల నిండా మనుషులు బయలుదేరారు. అతను ఉన్న సైనిక ఆసుపత్రి వరండాలో వరుస మెట్ల దాకా సాగింది. సూదంటే హడలిపోయే ఇంజను బాబాయి, అంటే మిల్లులో ఇంజను చూసే మెకానిక్కు, కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు. లేచి రెండడుగులు వేసి స్పృహ తప్పి పడ్డాడు. నర్సులు నవ్వు ఆపుకుంటూ ఆయన ముఖాన నీళ్ళు చల్లారు.

ఆ తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. బడిపిల్లలు బొమ్మలు గీసి పంపారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఎక్కడెక్కడి నుంచో రాశారు. గొట్టం ద్వారా పాలు తాగుతూ, మాట లేకుండా పడి ఉన్న అతనికి ఒక నడివయసు నర్సు రోజూ సాయంత్రం నాలుగింటికి వాటిని చదివి వినిపించేది. వీరుడివి, దేశానికి గర్వకారణానివి అని అన్నిట్లోనూ ఉండేది. అతను పైకప్పు వైపు చూస్తూ వినేవాడు. ఒకరోజు ఇంజను బాబాయి ఉత్తరం వచ్చింది. అందులో నాలుగే ముక్కలు ఉన్నాయి: “ఒరేయ్, మీ నాన్నకు చూపు తగ్గింది. నా కుడి చెవి మీద జుట్టు గుబురుగా వదిలేస్తున్నాడు. మా ఆవిడ నవ్వుతోంది. తొందరగా రా.” అది విని అతని గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. నొప్పేమోనని నర్సు కంగారు పడింది. అతను నవ్వుతున్నాడు.

పద్నాలుగు నెలల్లో పదకొండు ఆపరేషన్లు జరిగాయి. పక్కటెముక ముక్క తీసి దవడకు అమర్చారు. తొడమీది చర్మం తీసి చెంపకు అతికారు. తండ్రి నెలకోసారి రైలెక్కి వెళ్ళేవాడు. కట్లు విప్పాక మొదటిసారి చూసినప్పుడు ఆయన మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సంచీలోంచి కత్తీ సబ్బూ తీసి కొడుక్కి గెడ్డం గీశాడు. కుడివైపే గెడ్డం మొలుస్తోంది, అతికిన చర్మం మీద మొలవదు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న ఆ చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియక నడిమధ్య ఆగిపోయింది. కొడుకే ఆ చేతిని పట్టుకుని, ఇక్కడిదాకా అన్నట్టు గీత చూపించాడు.

ఒక్క కన్నుతో దూరం అంచనా దొరకదు. చెంబులో నీళ్ళు గ్లాసులో పోస్తే పక్కన పడేవి. చెయ్యి కుదిరేందుకు నర్సు రబ్బరు బుడగలు తెచ్చి ఇచ్చింది. అతను వాటికి నురగ పూసి కత్తితో గీసేవాడు. మొదటివారం అవి ఠాప్ ఠాప్‌మని పేలుతుంటే వార్డంతా నవ్వింది. మూడు నెలలకు ఒక్కటి కూడా పేలలేదు. అప్పుడు ఆ నర్సు డాక్టరుగారినే పిలుచుకొచ్చి అతని ముందు కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి ఆ వార్డుకు అతనే మంగలి. చేతులు లేనివాడికి, నడుం విరిగినవాడికి పొద్దున్నే గెడ్డాలు గీసేవాడు. మెల్లగా మాట కూడా తిరిగివచ్చింది, కాస్త ముద్దగా.

అలా మనిషై ఇంటికి వచ్చాడు. స్టేషనులో బ్యాండు వాయించారు. చిన్నపిల్లలు పూలిచ్చారు. మూడు సభల్లో ముందు వరుసలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టారు. ఆ సందడి ముగిసిన మర్నాడు అతను డబ్బా తెరిచి, కత్తెరలు తుడిచి, రెండో కుర్చీ వెనుక నిలబడ్డాడు.

ఎవరూ రాలేదు. ఆ కుర్చీలో కూర్చుంటే ఎదుటి అద్దంలో తమ ముఖం వెనుక అతని ముఖం కనబడుతుంది. అంతే కారణం. ఎవరూ పైకి అనలేదు. కొందరు అతని కష్టం చూడలేమనుకున్నారు. కొందరు, యుద్ధంలో అంత చేసినవాడి చేత గెడ్డం గీయించుకోవడమా అని మర్యాదగా తప్పుకున్నారు. ఆ ఉత్తరం రాసిన ఇంజను బాబాయి కూడా, కుడి చెవి మీద గుబురుతోనే, బెంచీ మీద కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు అతని ఎదుటే తండ్రిని అడిగేవారు: “అబ్బాయి సరిగ్గా తింటున్నాడా? నిద్ర పడుతోందా?” అతను పక్కనే నిలబడి ఉండేవాడు.

రెండు నెలలు చూశాడు. ఒక శనివారం తన అద్దం మీద దుప్పటి కప్పాడు. అయినా ఎవరూ కూర్చోలేదు. ఆ సాయంత్రం తల్లి అన్నం వడ్డిస్తుంటే, తను మళ్ళీ ఆసుపత్రికే పోతానని చెప్పాడు. అక్కడైతే తనకు పని ఉంటుందన్నాడు. తల్లి గరిటె గిన్నెలోనే వదిలేసింది. తండ్రి తినబోయే ముద్ద కంచంలో పెట్టేశాడు.

మర్నాడే మొదట చెప్పిన ఆ ఆదివారం. బెంచీ నిండుగా ఉండగా పెద్ద టీచరమ్మ లోపలికి వచ్చింది. సెలూనులోకి ఆడవాళ్ళు రావడం అలవాటు లేదు కనుక అందరూ లేచి నిలబడి, ఆమె చేత్తో వారిస్తే మళ్ళీ కూర్చున్నారు. ఆమె చేతిలో బడి వార్షికోత్సవం ఆహ్వానం ఉంది. పెద్ద కత్తెర వైపు తిరిగి, “అబ్బాయిని శుక్రవారం వేదిక మీదికి తీసుకురావయ్యా. ఊరంతా సన్మానం చెయ్యాలనుకుంటోంది” అంది.

పెద్ద కత్తెర జవాబు చెప్పేలోపు కొడుకే మాట్లాడాడు.

“నేను ఇక్కడే ఉన్నాను టీచరమ్మా. నన్నే అడగండి.”

ఆమె తడబడింది. అతని వైపు తిరిగింది గానీ చూపు అతని భుజం మీదే ఆగింది.

“వేదిక వద్దు టీచరమ్మా” అన్నాడు అతను, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. “మీరంతా రక్తం ఇచ్చారు. దాంతోనే బతికాను. అది చచ్చేదాకా మరిచిపోను. కానీ నేను వచ్చి రెండు నెలలైంది. ఈ కుర్చీలో ఒక్కరు కూర్చోలేదు. చప్పట్లు చాలు. నాకు పని కావాలి.”

రేడియో ఒక్కటే మాట్లాడుతోంది. పెద్ద కత్తెర వెళ్ళి దాన్ని ఆపేశాడు. బెంచీ మీద ఉన్నవాళ్ళు నేల చూపులు చూశారు. టీచరమ్మ ఆహ్వానాన్ని సంచీలో పెట్టేసి, నెమ్మదిగా నడిచి రెండో కుర్చీలో కూర్చుంది.

“కీళ్ళనొప్పులతో చేతులు పైకి లేవడం లేదురా. జడ వేసుకోవడానికి రోజూ పక్కింటావిడను బతిమాలాల్సి వస్తోంది. మెడ దాకా కత్తిరించెయ్. ముందు ఆ దుప్పటి తియ్యి.”

అతను దుప్పటి తీశాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. అతను దువ్వెన పెట్టి కాసేపు దువ్వి ఆగాడు.

“కళ్ళు తెరవండి టీచరమ్మా. మూసుకుంటే తల వాలిపోతుంది, కొలత తప్పుతుంది.”

ఆమె తెరిచింది. అద్దంలో తన నెరిసిన తల, దాని పైన ఆ ముఖం. అయినా చూపు తిప్పుకోలేదు. కత్తెర చప్పుడు మొదలైంది. నెరిసిన పాయలు తెల్లగుడ్డ మీద రాలుతున్నాయి. కాసేపటికి ఆమె ఒకటి గమనించింది. వెనుక అంచు సమంగా ఉందో లేదో చూస్తూ అతను నాలుక కొసను పెదవి మూలకు తెచ్చాడు. రెండో తరగతిలో కూడికలు చేసేటప్పుడు వాడు సరిగ్గా అలాగే పెట్టేవాడు. పలక మీద వంగిన ఆ పిల్లాడు, మధ్యాహ్నపు ఎండ పడే ఆ కిటికీ, సున్నపు గోడలు, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ళముందు కదిలాయి. ఆ తర్వాత ఆమెకు అద్దంలో మచ్చలు కనబడటం మానేశాయి. వాడే కనబడ్డాడు.

“నాలుక లోపల పెట్టుకోరా” అంది, అలవాటుగా.

అతను నవ్వాడు. సగం ముఖమే నవ్వింది. ఆమెకు అది చాలింది.

పని అయ్యాక ఆమె లేచి, మెడ తడుముకుని చూసుకుంది. బాగా కుదిరిందని చెప్పింది. వెళ్ళబోతూ బెంచీ వైపు తిరగలేదు, ఎవరినీ మందలించలేదు. కానీ ఇంజను బాబాయి లేచాడు. ఆయన ముఖం ఎర్రబడి ఉంది. “నేను పిరికివాణ్ణిరా. నీకు తెలుసుగా, సూదికే పడిపోయాను” అంటూ వచ్చి కూర్చున్నాడు. అతను తెల్లగుడ్డ దులిపి ఆయన మెడకు కట్టాడు. ఏ చెవి మీద ఎంత తియ్యాలో అడగలేదు.

ఆ మధ్యాహ్నం దాకా ఆ కుర్చీ ఖాళీ కాలేదు. ఆ తర్వాత చిన్న కత్తెర ఆసుపత్రికి వెళ్ళేవాడు గానీ, నెలకోసారి మాత్రమే, వార్డులో గెడ్డాలు గీసి రావడానికి. మరో ఇరవై ఎనిమిదేళ్ళు ఆ సెలూన్ నడిపాడు. ఆ తరం పిల్లలకు అతని ముఖం అంటే భయం లేదు. తొలి క్షవరం నుంచీ అద్దంలో చూస్తూ పెరిగిన ముఖం అది.

ఆ ఆదివారం తర్వాతి శుక్రవారం బడి వార్షికోత్సవం జరిగింది. అతను వేదిక ఎక్కలేదు, జనం మధ్య తల్లి పక్కన కూర్చున్నాడు. పెద్ద టీచరమ్మ పొట్టి జుట్టుతో మైకు ముందుకు వచ్చి, రాసుకొచ్చిన కాగితం మడిచేసింది.

“నేను మీ అందరికీ చదువు చెప్పాను. మొన్న ఆదివారం నాకు ఒకడు చెప్పాడు” అంది. “రక్తం ఒక్కరోజు ఇస్తే సరిపోయింది. ఉత్తరాలు దూరం నుంచి రాశాం. చప్పట్లు నలుగురితో కలిసి కొట్టాం. అవన్నీ మంచివే, తక్కువ చెయ్యను. కానీ వాడు ఇంటికొచ్చి మనలో ఒకడిగా నిలబడితే, మనమే మొహం తిప్పుకున్నాం. నేనూ తిప్పుకున్నాను. దెబ్బతిని వచ్చినవాడికి సన్మానం చెయ్యాలని ఉంటే, అతని ముఖంలోకి చూసి మాట్లాడండి, అతని పని అతని చేత చేయించుకోండి.”